వయసు మళ్లితే విలువ పోతుందా?

మన వీధిలో అరవై దాటిన ఆడవాళ్లు ఎంతమంది? లెక్క పెట్టండి. వాళ్లలో ఊరికే కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అవ్వ తెల్లవారకముందే లేస్తుంది. వాకిలి ఊడుస్తుంది. గేదెకు మేత వేస్తుంది. మనవణ్ణి ఎత్తుకుంటుంది. ఆమె ఇంటి దగ్గర ఉండబట్టే కోడలు కూలికి పోగలుగుతోంది. అయినా అవ్వను అడిగి చూడండి. "నాకేం పనుందమ్మా, కూర్చుని తింటున్నాను" అంటుంది. ఆ మాట ఆమెకు నేర్పింది మనమే.

పొలం దగ్గర

నాట్లు గుత్తకు తీసుకుంటాం. ఎంత తొందరగా అయితే అంత లాభం. వచ్చిన డబ్బు సమంగా పంచుకుంటాం. అందుకని వయసు మళ్లినవాళ్లను ముఠాలో చేర్చుకోం. "నీకు నడుం వంగదు, ఇంటికాడ ఉండు పెద్దమ్మా" అంటాం. మనలో చాలామందికి నాటు వేయడం నేర్పింది ఆ పెద్దమ్మలే.

మగవాడికి వయసు వస్తే పెద్దాయన అంటారు. పంచాయితీకి పిలుస్తారు. ఆడదానికి వయసు వస్తే ముసల్ది అంటారు. ఇదేం న్యాయం?

2005లో ఉపాధి హామీ చట్టం చేశారు. పనికి 18 ఏళ్లు నిండాలి అని అందులో రాశారు. ఇన్నేళ్లు దాటితే పని లేదు అని రాయలేదు. పని దగ్గరికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వస్తే, వాళ్లను చూసుకునే ఆడమనిషికి కూడా కూలి ఇవ్వాలని చెప్పారు. అంటే పిల్లల్ని చూడడం కూడా పనే. అవ్వ రోజూ చేసేది ఆ పనే.

ఇంటి దగ్గర

కూలి లేకపోతే చేతిలో డబ్బు ఉండదు. చెయ్యి ఖాళీ అయితే ఇంట్లో మాట చెల్లదు. అవ్వ పేరున ఉన్న ఇల్లో, అరెకరమో పిల్లలు తమ పేరున రాయించుకుంటారు. ఆ తర్వాత కొందరు అన్నం పెట్టరు.

దీనికోసం 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. అది ఏం చెబుతోంది?

• పెరిగి పెద్దయిన కొడుకులు, కూతుళ్లు, మనవలు, మనవరాళ్లు పోషించాలి. తల్లికి 60 ఏళ్లు నిండకపోయినా అడగవచ్చు.

• ఆర్‌.డి.ఓ. దగ్గర అర్జీ పెట్టాలి. ప్లీడరు అక్కరలేదు. అవ్వ పెట్టుకోలేకపోతే ఆమె తరఫున ఇంకొకరు పెట్టవచ్చు.

• నెలకు 10,000 రూపాయలు మించకుండా ఇప్పిస్తారు.

• "నన్ను చూసుకోవాలి" అనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్లు చూడకపోతే, ఆ దానపత్రాన్ని రద్దు చేయించవచ్చు.

ఈ చివరి మాట గుర్తుంచుకోండి. ఆ షరతు కాగితంలోనే రాయించాలి. నోటిమాటగా ఉంటే తర్వాత రుజువు చేయడం కష్టం. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. దానపత్రం మీద సంతకం పెట్టేముందు ప్రతి మాటా చదవండి. అవ్వకు చదువు రాకపోతే, వేలిముద్ర వేసేముందు చదివి వినిపించండి.

సలహా కావాలంటే 14567 నంబరుకు ఫోను చేయవచ్చు. అది వృద్ధుల కోసం పెట్టిన నంబరు. డబ్బు ఖర్చు కాదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో పెద్దామె పొద్దున నుంచి రాత్రి దాకా చేసే పనులు రాయండి.

2. మీ ముఠాలో వయసు మళ్లినవాళ్లకు ఏ పని ఇవ్వవచ్చు? కూలి ఎంత ఇవ్వాలి?

3. ఆస్తి రాసిచ్చే కాగితంలో ఏ మాట తప్పకుండా ఉండాలి?