ఊరి దగ్గుకూ ఓ లెక్కుంది

"ఇంట్లో ఎవరికన్నా జ్వరముందా? దగ్గుందా? ఎన్నాళ్ల నుంచి?" మహబూబాబాద్ జిల్లా తండాల్లో ఇల్లిల్లూ తిరిగే ఏఎన్‌ఎం నర్సులు అడిగే మాటలివి. దగ్గు 2 వారాల లోపుదైతే ఒక గడి, అది దాటితే మరో గడి. ఊపిరితిత్తుల జబ్బుల మీద నిఘా మొదలయ్యేది ఆ గళ్ల దగ్గరే.

దేశంలో ఈ పద్ధతి 2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమంతో వచ్చింది. దానికి మూడు ఫారాలు. ఏఎన్‌ఎం విన్న లక్షణాలు ఒకదాంట్లో, డాక్టర్ అనుమానించిన జబ్బు రెండోదాంట్లో, ల్యాబ్ తేల్చింది మూడోదాంట్లో. 2018లో తెలంగాణ సహా 7 రాష్ట్రాల్లో ఈ లెక్క ఆన్‌లైన్‌కు మారింది. 2021 ఏప్రిల్ నుంచి దేశమంతటా అదే పద్ధతి.

మన దగ్గర ఫ్లూ ఏటా రెండుసార్లు జోరందుకుంటుంది: జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలంలోనూ అది వెళ్లిపోయే రోజుల్లోనూ మరోసారి. రెండేళ్లకోసారి జనం గుమిగూడే మేడారం జాతర కూడా ఆ మొదటి విడతలోనే పడుతుంది.

అయితే దగ్గులన్నీ ఫ్లూ కావు. మిర్చి కల్లంలో ఘాటుకు దగ్గు వస్తుంది, భూపాలపల్లిలో బొగ్గు దుమ్ముకూ వస్తుంది. అందుకే 10 రోజుల లోపు మొదలైన దగ్గుకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం తోడైతేనే ఫ్లూ లాంటి జబ్బుగా లెక్కిస్తారు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే అది తీవ్రమైన కేసు.

అంకెలు చదవడానికీ ఓర్పు కావాలి. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి సోమవారం జనగామ ఆసుపత్రిలో క్యూ పెరుగుతుంది. బతుకమ్మ, దసరా రోజుల్లో తగ్గుతుంది. జబ్బు పెరిగిందీ తగ్గిందీ ఒక్కరోజు రద్దీతో తేలదు. వారం మొత్తాన్ని నిరుటి అదే వారంతో పోల్చాలి, ఓపీకి వచ్చిన ప్రతి వందమందిలో దగ్గు, జ్వరాలవాళ్లు ఎందరో చూడాలి. పాత ఏళ్లతో పోల్చాలంటే ఇంకో చిక్కు: మహబూబాబాద్, భూపాలపల్లి, జనగామ జిల్లాలు 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ నుంచి విడిపోయాయి. అంతకుముందు ఇక్కడి దగ్గులు చాలావరకు ఒకే జిల్లా పద్దులో కలిసిపోయేవి.

గూగుల్ సంస్థ 2008లో ఇల్లిల్లూ తిరగకుండానే, జనం వెతికే మాటలను బట్టి ఫ్లూను అంచనా వేయబోయింది. 2012-13 చలికాలంలో అమెరికాలో ఆ లెక్క బాగా ఎక్కువ చూపింది, 2015లో ఆపేశారు. ఇంటి గడపలో అడిగి రాసుకున్న లెక్క విలువ 2021 మేలో తెలంగాణ చూసింది. కరోనా రెండో అలలో ఇంటింటి జ్వర సర్వే చేసి, లక్షణాలున్నవారికి అక్కడికక్కడే మందుల కిట్లు ఇచ్చారు.

పల్లెల్లో చాలామంది మొదట ఊరి ఆర్‌ఎంపీ వైద్యుడి దగ్గరికే వెళ్తారు. ఆ జ్వరం ఏ ఫారంలోకీ ఎక్కదు, పై అధికారులకు ఆ ఊరు క్షేమంగానే కనిపిస్తుంది. మందు ఎక్కడ తీసుకున్నా సరే, జ్వరం, దగ్గు ఉంటే మీ ఆశా కార్యకర్తకో, పల్లె దవాఖానలోనో చెప్పండి. దగ్గు రెండు వారాలు దాటితే, క్షయ కాదని తేల్చుకోవడానికి తెమడ పరీక్ష చేయించుకోండి. సర్కారు దవాఖానలో అది ఉచితం.