ముట్లుడిగే వయసులో ఎముకలు, గుండె

వరుసగా పన్నెండు నెలలు బహిష్టు రాకపోతే ముట్లుడిగినట్లు భావిస్తారు. ఈ దశలో అండాశయాలు ఈస్ట్రోజెన్ హార్మోనును బాగా తగ్గిస్తాయి. ఎముకల అరుగుదలను అదుపు చేసేదీ, రక్తనాళాలకు తోడ్పడేదీ ఆ హార్మోనే. అందువల్ల తొలి సంవత్సరాలలోనే ఎముకలు వేగంగా బలం కోల్పోతాయి. చెడు కొలెస్టరాల్ పెరుగుతుంది. ఈ మార్పులు ముందుగా నొప్పి రూపంలో తెలియవు.

జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారం, ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. 100 గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాములు లభిస్తుంది. పాలు, పెరుగు, మునగాకు, నువ్వులు మిగిలిన లోటును పూరిస్తాయి. రోజూ అరగంట నడక ఎముకలకూ గుండెకూ మేలు.

తిరుత్తణి కొండ 365 మెట్లు ఎక్కేటప్పుడు మునుపెన్నడూ లేని ఆయాసం, ఛాతీలో గాని దవడలో గాని బిగువు కలిగితే వయసు భారమని సరిపెట్టుకోరాదు. ఆగి, 108కు ఫోన్ చేయాలి. ముట్లుడిగిన తరువాత రక్తస్రావం కొద్దిగా కనబడినా వైద్యులను సంప్రదించాలి.

తిరువళ్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోను, తిరుత్తణి ప్రభుత్వ ఆసుపత్రిలోను రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేయించుకోవచ్చు. 2021లో ఆరంభమైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద ఆ వ్యాధుల మందులు ఇంటికే అందజేస్తారు. తమిళం రాదని వెనుదీయవద్దు; ‘మాదవిడాయ్ నిరుత్తం’ అంటే వారికి విషయం అర్థమవుతుంది.