గుఱ్ఱపువాతము – గర్భిణి రక్తనాళములు

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలో నిండు గర్భిణి పాదములు వాచినచో ఇంటి పెద్దలు "నీరు పట్టినది, కాన్పుతో తీసిపోవును" అని ఊరడింతురు. పెక్కుమంది విషయమున ఆ మాట నిజమే. పగలెల్ల నిలువుకాళ్లపై పనిచేసిన గర్భిణికి సాయంకాలమునకు పాదములు వాచుట, తెల్లవాఱుసరికి తగ్గుట సామాన్యము. కాని ముఖమును చేతులును ఉబ్బి, ఉంగరము వ్రేలికి బిగిసి, తల పగులునట్లు నొప్పి పుట్టి, కన్నులముందు మెఱుపులు మెఱసినట్లు తోచినచో అది వేఱు సంగతి. ఆ మీదట కాలుసేతులు కొట్టుకొని మూర్ఛ వచ్చినచో దానినే మనవారు గుఱ్ఱపువాతమనిరి. గాలి సోకినదని విభూతి పెట్టించుచు, నిమ్మకాయలు కోయించుచు, వైద్యునికడకు పోవలసిన గడియలను పోగొట్టుకొన్న కుటుంబములు లేకపోలేదు.

ఈ వ్యాధికి మూలము వాతమును గాదు, గాలియును గాదు. అది మాయయందును, రక్తనాళముల గోడలయందును ఉన్నది. ఆ సంగతి తెలిసికొన్నచో, ఆశా కార్యకర్త గర్భిణిని నెలనెలయు పరీక్షకు రమ్మని ఏల వెంటపడునో బోధపడును.

మనము చేయి ఎత్తునప్పుడు కదలు కండరము మన మాట వినును. ప్రేగులు, గర్భాశయము, రక్తనాళములు, వీని గోడలలోని కండరము వేఱు జాతిది. దానిని నునుపు కండరమందురు. దానికి మన ఆజ్ఞతో పనిలేదు. అది బిగిసినచో నాళము సన్నమై లోపలి పోటు హెచ్చును. వదులైనచో నాళము వెడల్పై పోటు తగ్గును. పెరటి మొక్కలకు నీరుపట్టు గొట్టమును వ్రేళ్లతో నొక్కి చూచినవారికి ఇంతకుమించి చెప్పనక్కఱలేదు.

గర్భము నిలిచినది మొదలు తల్లి రక్తము క్రమముగా పెరిగి, నెలలు నిండునాటికి మునుపటికంటె నూటికి 40, 50 వంతులు అధికమగును. గుండె నిమిషమునకు పంపు రక్తము నూటికి 30 మొదలు 50 వంతుల వఱకు హెచ్చును. ఇంత రక్తము ప్రవహించునపుడు పోటు పెరుగవలెను గదా? పెరుగదు సరికదా, నడినెలలలో కొంత తగ్గును. తల్లి రక్తనాళములన్నియు వదులై దారి యిచ్చుటయే దీనికి కారణము. గర్భాశయపు గోడలోని సన్నని మెలిక ధమనుల కథ మఱింత విచిత్రము. మాయనుండి బయలుదేఱిన కణములు ఆ ధమనుల గోడలలోనికి చొచ్చుకొనిపోయి, అచ్చటి నునుపు కండరమును తొలగించి, ఇఱుకు సందులను రాజబాటలుగా మార్చివేయును. బిగియుటకు అచ్చట కండరమే మిగులదు! నిండునెలలలో నిమిషమునకు సుమారు అరలీటరు, అంతకుమించియు రక్తము గర్భాశయమునకు పోవును. కడుపులోని శిశువు తనకు కావలసిన దారిని తన మాయచేతనే వేయించుకొనుచున్నదన్నమాట.

ఈ దారి పని సగములో ఆగినచో మాయకు రక్తము చాలదు. ఆకలిగొన్న మాయ తల్లి రక్తములోనికి కొన్ని పదార్థములను అధికముగా విడుచును. బోస్టనులో పనిచేసిన భారతీయ సంతతి వైద్యుడు అనంత్ కారుమంచి, ఆయన సహచరులును 2003లో అట్టి మాంసకృత్తు నొకదానిని వెల్లడించిరి. దానివలన తల్లి నాళముల లోపొర దెబ్బతిని, నాళములు ఒళ్లంతట బిగియును. మూత్రపిండములు దెబ్బతిని మాంసకృత్తులు మూత్రములో జాఱును. కాలేయమునకును, మెదడునకును ముప్పు వచ్చును. శిశువు ఎదుగుదల మందగించును.

నాళమును వదులుచేయునది ఏమి అను ప్రశ్న చాలకాలము తెగలేదు. నాళపు లోపొరనుండి వెలువడు పదార్థమొకటి కండరమును సడలించుచున్నదని అమెరికా శాస్త్రజ్ఞుడు ఫర్చ్‌గాట్ 1980లో చూపెను. అది నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువని పిమ్మట తేలెను. ఈ కృషికై 1998లో ఆయనకును, మఱి యిద్దఱకును నోబెల్ బహుమానము లభించినది.

ఇచ్చట మన తెలుగు పేరొకటి వచ్చును. టెక్సస్ రాష్ట్రమునందలి గాల్వెస్టన్‌లో యల్లంపల్లి చంద్రశేఖర్, గార్‌ఫీల్డ్ అను శాస్త్రజ్ఞులు చూలు ఎలుకలలో ఈ వాయువు తయారుకాకుండ మందుతో అడ్డగించిరి. (ఆ యింటిపేరు వినగానే మన గోదావరిపై నున్న ఎల్లంపల్లి ప్రాజెక్టు గుర్తుకు రాకమానదు.) ఎలుకలకు రక్తపుపోటు హెచ్చెను, మూత్రములో మాంసకృత్తులు కనబడెను, పిల్లలు ఎదుగక చిన్నవిగా పుట్టెను. అనగా స్త్రీలకు వచ్చు వ్యాధి లక్షణములే. 1993లో ఈ ఫలితము ప్రకటింపబడెను. గర్భాశయపు కండరమును కాన్పుదినము వఱకు నెమ్మదిగా ఉంచుటలో సయితము ఈ వాయువునకు పాలున్నదని ఆ బృందమే మఱుసటి సంవత్సరమున చూపెను.

ఎలుకకు పనిచేసినదెల్ల తల్లికి పనిచేయునని తలంపరాదు. ఈ వాయువు మార్గములోనే పనిచేయు సిల్డెనాఫిల్ అను మందును, కడుపులో ఎదుగని శిశువుల మేలుకొఱకు నెదర్లాండ్సులో గర్భిణులకిచ్చి పరీక్షించుచుండగా, పుట్టిన పిల్లలలో కొందఱు ఊపిరితిత్తుల రక్తనాళముల వ్యాధితో మరణించుటచే 2018లో ఆ పరీక్షను నిలిపివేసిరి. మందుల అంగడిలో అడిగి గర్భిణికి ఏదియు తెచ్చి యిచ్చుట తగదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

వైద్యులు గట్టిగా నమ్మునవి చవుకయైనవే. చేతికి కట్టు పట్టీతో పోటును కొలుచు పద్ధతిని ఇటలీలో రివా రోచ్చి 1896లో కనుగొనెను. ఇరువదవ వారము దాటిన పిమ్మట పోటు 140/90 చేరినచో వెంటనే మూత్రపరీక్ష చేయింపవలెను. 160/110 అయినచో ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను. మూర్ఛను అడ్డగించుటకు మెగ్నీషియం సల్ఫేట్ సూది కలదు. 33 దేశములలో పదివేలమందికి పైగా స్త్రీలపై జరిపి 2002లో ప్రకటించిన పరీక్షలో, దీనివలన మూర్ఛలు సగమునకు పైగా తగ్గెను. పోటు వ్యాధి రాదగిన గర్భిణులకు నాలుగవ నెల నిండకమునుపే చిన్నపాటి ఆస్పిరిన్ మాత్రను వైద్యులు మొదలుపెట్టుదురు. ఇది వైద్యుడు చెప్పినగాని వాడరాదు. ప్రభుత్వ కేంద్రములలో ఇచ్చు కాల్షియం మాత్రలు ఎముకలకే గాక, ఆహారమున సున్నపు ధాతువు చాలని గర్భిణులకు ఈ వ్యాధిని కొంత అడ్డగించును. ఇనుపధాతువు మాత్రను, దీనిని ఒకేసారి మ్రింగరాదు; నడుమ రెండుగంటల ఎడముండవలెను. మన యిండ్లలో రెండును ఒకే గుక్క నీటితో మ్రింగుటే హెచ్చు.

తెలంగాణమున లక్ష కాన్పులకు తల్లుల మరణములు 2014–16లో 81 కాగా, 2018–20 నాటికి 43కు తగ్గినవి. సంతోషింపదగినదే. కాని మన రెండు ప్రాంతముల కష్టము ఒక తీరున లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కరీంనగరము జిల్లాయందు నూటికి 82 కాన్పులు శస్త్రచికిత్సతోనే జరిగినవి. పోటు వ్యాధి ముదిరినపుడు బిడ్డను బయటికి తీయుటయే తల్లికి రక్ష. అట్టి కోత ప్రాణదానమే. కాని ఈ వ్యాధి నూఱుమందిలో కొద్దిమందికే వచ్చును. ముహూర్తము చూచి కోయించుకొనువారికి ఈ సాకు చెల్లదు. ఆదిలాబాదు ఏజెన్సీ గూడెములలో బాధ వేఱు. వానకాలమున వాగు పొంగినచో పట్టీ కట్టి చూచువారే దూరమగుదురు. అందుచేత వానలకు ముందే గర్భిణిని రోడ్డు దగ్గఱి బంధువుల యింటికి చేర్చుట వివేకము.

ఇంకొక చిక్కు మన ఆచారమునందే గలదు. తొలికాన్పునకు కూతురును పుట్టింటికి తెచ్చుకొందుము. సరిగా ఈ వ్యాధి తల యెత్తు ఏడవ, ఎనిమిదవ నెలలలోనే అత్తవారి యూరి పరీక్షలు ఆగును, పుట్టినయూరి పరీక్షలు మొదలుకావు. చీరసారెతోపాటు తల్లిబిడ్డల కార్డును సంచిలో వేసికొని రావలెను. వచ్చిన వారములోనే ఆ యూరి ఆశా కార్యకర్తకు చూపవలెను. ప్రభుత్వాసుపత్రులలో ప్రతినెల 9వ తేదీన గర్భిణులకు వైద్యులు ప్రత్యేకముగా పరీక్షలు చేయుదురు.

కాన్పు కాగానే అపాయము గడచినదని నిద్రపోరాదు. మూర్ఛలు ప్రసవించిన పిమ్మటను రావచ్చును, ముఖ్యముగా మొదటి వారమున. బాలింత తలనొప్పి యన్నచో చెవులకు గుడ్డ కట్టి పడుకొనబెట్టక, ముందు పోటు చూపింపవలెను. ఈ వ్యాధి ఒకసారి వచ్చిన స్త్రీకి నడివయస్సున రక్తపుపోటు, గుండెజబ్బు వచ్చుట ఇతరులకంటె హెచ్చు గనుక, బిడ్డ బడికి పోవునంత యైన తరువాతను ఏటేట ఒకమాఱు ఆ పట్టీ కట్టించుకొనవలెను.