యానాం దగ్గర గోదావరి ఎటు పారుతోంది?

నది సముద్రంలోకి కాక మరెటు పారుతుంది అంటారా? ఎండాకాలంలో, పోటు వేళ యానాం దగ్గర గోదావరి పాయ గౌతమి గట్టున నిలబడి చూడండి. నీరు ధవళేశ్వరం వైపు ఎక్కుతూ ఉంటుంది. దోసిట్లోకి తీసుకుని నోట పెడితే ఉప్పన. కొన్ని గంటలకు పాటు మొదలై, అదే నీరు సముద్రం వైపు దిగుతుంది. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు.

అసలు విచిత్రం నీటి లోపల ఉంది. సముద్రపు నీరు మంచినీటి కంటే దాదాపు 2.5 శాతం బరువు. అందుకే అది అడుగున దూరి ఎగువకు పాకితే, మంచినీరు దాని మీదుగా సముద్రంలోకి జారుతుంది. ఒకే చోట, ఒకే సమయంలో పై నీరు ఒకవైపు, అడుగు నీరు మరోవైపు పోవచ్చు. తేలే కొబ్బరికాయను చూసి ప్రవాహం ఇటేనని తేల్చేస్తే పప్పులో కాలేసినట్టే.

మరి లోపలి నీటి వేగం ఎలా తెలుస్తుంది? ధ్వనితో. పడవకు కట్టిన డాప్లర్ యంత్రం నీటిలోకి ఏటవాలుగా ధ్వని తరంగాలు పంపుతుంది. నీటితోపాటు కొట్టుకుపోయే మట్టి రేణువులకు తగిలి అవి వెనక్కి వస్తాయి. రేణువులు యంత్రం వైపు వస్తుంటే తిరిగొచ్చే ధ్వని పౌనఃపున్యం కొంచెం పెరుగుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. స్టేషన్ దాటిపోయే రైలు కూత మారడం లాంటిదే ఇది. ముందొచ్చిన ప్రతిధ్వని పై పొరది, ఆలస్యంగా వచ్చింది అడుగుది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. కాబట్టి పది మీటర్ల లోతుకు వెళ్లి రావడానికి సెకనులో వందో వంతుకు కాస్త ఎక్కువ పడుతుంది. అంతలోనే పొరపొరకూ లెక్క వచ్చేస్తుంది.

ఉప్పు సంగతి చూడటానికి సీటీడీ అనే పరికరాన్ని తాడుతో దింపుతారు. ఉప్పు ఎక్కువైతే నీటిలో కరెంటు బాగా పారుతుంది, ఆ తేడాను అది లోతుతో సహా రాసుకుంటుంది. రెండు మూడు అడుగుల్లోనే ఉప్పు ఒక్కసారిగా పెరిగితే నీళ్లు కలవలేదని అర్థం. పైనుంచి అడుగుదాకా ఒకేలా ఉంటే బాగా కలిశాయి.

కలిపేది ఎవరు? చాలావరకు పోటే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ప్రవాహం జోరుగా ఉండి, అడుగున రాపిడికి సుడులు లేచి పొరలను చిలికేస్తాయి. అష్టమి దరిదాపుల్లో జోరు తగ్గి, పొరలు మళ్లీ విడివిడిగా నిలుస్తాయి. ఒకసారి సీసాలో నీళ్లు పట్టి ‘ఉప్పు ఇంత’ అని రాస్తే దాన్ని నేను కొలత అనను. గంట గంటకూ, కనీసం ఒక పోటూ పాటూ పూర్తయ్యేదాకా, అదీ పెద్ద పోటుకూ చిన్న పోటుకూ విడిగా కొలవాలి.

వరదల్లో గౌతమి ఉప్పునీటిని మొగ దాకా నెట్టేస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వదిలే నీరు తగ్గే ఎండాకాలంలోనే చిక్కు. ఆ రోజుల్లో ఏటి నుంచి నీళ్లు తోడేవాళ్లు పాటు పూర్తిగా దిగే వేళ చూసుకుని, మోటారు గొట్టం మూతిని పై పొరలో ఉంచుకోండి. తోడే ముందు ఉప్పు మాత్రం తప్పక చూసుకోండి.