సున్నుండ చిక్కితే

పంచదార తీసేసి బెల్లం వేస్తే సున్నుండ ఆరోగ్యకరమైపోయిందని ఇప్పుడు ప్రతి స్వీటు డబ్బా మీదా రాస్తున్నారు. పంచదారైనా బెల్లమైనా గ్రాముకు ఇంచుమించు 4 కేలరీలే. బెల్లంలో కాస్త ఇనుము ఉన్నమాట నిజమే. అది ఒంటికి సరిపడా రావాలంటే అనకాపల్లి దిమ్మనే కొరకాలి.

ఇంటి కొలతను ఒకసారి తూకం వేద్దాం. మినప్పప్పు 200 గ్రాములు, బెల్లం 200, నెయ్యి 120. పప్పులో సుమారు 690 కేలరీలు, బెల్లంలో 760, నెయ్యిలో 1,080. అందరం బెల్లం దగ్గరే పంచాయితీ పెడుతున్నాం గానీ, అసలు ఆసామి గిన్నెలో కమ్మగా కరుగుతున్నాడు.

సరే, నెయ్యి తగ్గిద్దామంటే ఉండ కట్టదు. సున్నిపిండిలో తడి ఉండదు కదా, దాన్ని పట్టి ఉంచేవి నెయ్యీ బెల్లమూ మాత్రమే. పిండి ఎంత మెత్తగా ఉంటే అంత నెయ్యి తాగుతుంది. అందుకని కాస్త బరకగా ఆడించాలి. వేయించిన పొడిలో తరిగిన బెల్లం వేసి మిక్సీలో మరోసారి తిప్పితే, ఆ వేడికి బెల్లం మెత్తబడి అంటుకుంటుంది. గుప్పెట్లో నొక్కితే వేళ్ల అచ్చు పడాలి, అప్పుడు నెయ్యి చెంచాలతో పోయాలి, గరిటెతో కాదు. పొట్టు మినుములు వాడితే పీచు అదనం. వాటిని సన్నసెగ మీద ఓపిగ్గా వేయించాలి. తొందరపడితే పైన మాడి, లోపల పచ్చివాసన మిగులుతుంది. బెల్లం బదులు ఖర్జూరమూ వేయొచ్చు. దాంట్లో తడి ఉంటుంది కాబట్టి నెయ్యి తక్కువ పడుతుంది, కానీ ఆ ఉండలు డబ్బాలో వారాల తరబడి ఆగవు, ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

ఇలా బెల్లం 120కి, నెయ్యి 80కి దించాననుకోండి. పప్పు వాటా 38 శాతం నుంచి 50కి పెరుగుతుంది. కేలరీలో? గ్రాముకు 4.9 ఉన్నవి 4.7 అవుతాయి. ఇంత తంటాలు పడింది దీనికా అనిపిస్తుంది. లెక్కను నిజంగా మార్చేది ఉండ సైజు. పాత ఉండ 32 గ్రాములు, 156 కేలరీలు. 20 గ్రాములకు చుడితే 93.

అలాగే చుట్టి మా అమ్మ ముందు పెట్టాను. "ఇవేంట్రా, గోళీకాయల్లా?" అంటూ రెండు తీసుకుంది. 186.