ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు పక్కన పేదరికం ఎందుకుంది?

గత ఎపిసోడ్‌లో ఫిలిప్పీన్స్ గురించి మాట్లాడుకున్నాం. అక్కడి నీగ్రోస్ దీవిలో చెరకు తప్ప వేరే పంట పెద్దగా లేదు. 1980ల మధ్యలో ప్రపంచ మార్కెట్లో చక్కెర ధర కుప్పకూలింది. భూస్వాములు నాట్లు ఆపేశారు. కూలీల పిల్లలు ఆకలితో ఆస్పత్రుల పాలయ్యారు. సారవంతమైన నేల మీద ఆకలి ఎలా వస్తుందని చాలామంది అడిగారు. ఆ ప్రశ్నని ఈరోజు మన ఇంటికే తెచ్చుకుందాం.

మాది సత్తెనపల్లి వైపు ఓ మెట్ట ఊరు. చిన్నప్పుడు నాన్నతో మిర్చి టిక్కీల లారీ మీద గుంటూరు యార్డుకి వెళ్ళేవాణ్ణి. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని దానికి పేరు. అక్కడ కోట్ల వ్యాపారం జరుగుతుంది. కానీ సరుకు అమ్మి తిరిగొచ్చేటప్పుడు నాన్న జేబులో ఉండేది బస్సు చార్జీ, కమిషన్ ఏజెంటు రాసిచ్చిన చీటీ. పాత బాకీ పోను మిగిలింది ఆ చీటీలో ఉండేది. కొన్నేళ్ళు మిగిలేది కాదు, ఎదురు బాకీ ఉండేది. ఇంత సంపద తిరిగే చోట దాన్ని పండించినవాడి చేతికి అది ఎందుకు అందదు? ఈరోజు మన విషయం ఇదే.

మొదట నీళ్ళ సంగతి చూద్దాం. 1832-33లో గుంటూరు ప్రాంతంలో డొక్కల కరువు వచ్చింది. అప్పటి జిల్లా జనాభా సుమారు ఐదు లక్షలైతే, అందులో రెండు లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. ఆ తర్వాత కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. 1855కి అది పూర్తయింది. తెనాలి, రేపల్లె వైపు డెల్టా మాగాణి అయింది. వరి పండింది, మిగులు వచ్చింది. ఆ మిగులు చదువుల్లోకి, మిల్లుల్లోకి, వ్యాపారాల్లోకి వెళ్ళింది.

మరి పల్నాడు సంగతేంటి? నరసరావుపేట, వినుకొండ, మాచర్ల మెట్టకి పెద్ద కాలువ రావాలంటే నాగార్జునసాగర్ దాకా ఆగాల్సి వచ్చింది. శంకుస్థాపన 1955లో, కుడి కాలువకి నీళ్ళు వదిలింది 1967లో. అంటే అప్పట్లో ఒకే జిల్లాగా ఉన్నచోట ఒక వైపుకీ ఇంకో వైపుకీ మధ్య 112 ఏళ్ళ తేడా. ఇక ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగం, అంటే మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు చూడండి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. రెండు సొరంగాలనీ జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. అప్పటికీ నిర్వాసితుల పునరావాసం పూర్తి కాలేదు.

అసమాన అభివృద్ధి అంటే ఒకళ్ళు ముందుకెళ్ళడం, ఇంకొకళ్ళు వెనకబడిపోవడం, అంతే అనుకుంటాం. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. వెనకబడిన చోటు ముందున్న చోటికి చౌకగా మనుషుల్ని ఇస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప చేలల్లోకి వెళ్ళి చూడండి. కోతకి వచ్చినవాళ్ళలో చాలామంది కర్నూలు జిల్లా పడమటి మండలాల వాళ్ళు, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి. చేల గట్ల మీదే గుడారాలు. పిల్లలు కూడా వెంటే ఉంటారు. సరిగ్గా బడి జరిగే నెలలు అవి. అక్కడ నీళ్ళు లేకపోవడం ఇక్కడ కోత కూలీగా మారుతుంది.

ఇప్పుడు పత్తి. నల్లరేగడి నేల, సాగర్ నీళ్ళు, హైబ్రిడ్ విత్తనం కలిసేసరికి 1970ల్లో, 80ల్లో ఈ మెట్ట ప్రాంతం తెల్లబంగారం అని పత్తి మీద పడింది. పురుగుకి మందు కొట్టారు. పైరెత్రాయిడ్లు వచ్చాక ఇంకా కొట్టారు. ఆ మందులకి మిత్ర పురుగులు చచ్చాయి, తెల్లదోమ విజృంభించింది. పచ్చపురుగు మందుకి లొంగకుండా పోయింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు జరిగాయి. వరంగల్ రైతుల గురించి దేశమంతా మాట్లాడుకుంది 1997-98లో. దానికి పదేళ్ళ ముందే ఇక్కడ జరిగింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. పచ్చపురుగు తగ్గింది, కొన్నేళ్ళకి గులాబి రంగు పురుగు తట్టుకోవడం నేర్చుకుంది. విత్తనం ధర 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటితే, 2006లో రాష్ట్ర ప్రభుత్వం పోట్లాడి 750కి దించింది. ఇది గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వం తలుచుకుంటే ధర దిగుతుంది.

చాలామంది రైతులు మిరపకి మారారు. ఇక్కడో తిరకాసు ఉంది. పత్తికి కనీస మద్దతు ధర ఉంది. 2025-26కి పొడవు పింజ రకానికి క్వింటాలుకి 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు, అది వేరే బాధ. మిరపకి అసలు మద్దతు ధరే లేదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటలు పోయాయి. సరుకు తగ్గింది కాబట్టి 2023లో ధర 20 వేలు దాటింది. అది చూసి అందరూ వేశారు. 2025 మొదట్లో ధర పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయలు ఖరారు చేసింది, అదీ గరిష్ఠంగా 2.58 లక్షల టన్నులకే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు లెక్క సులువు కోసం నేను వేసుకున్నవి, మీ ఊళ్ళో కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఎకరానికి 20 క్వింటాళ్ళు పండింది. విత్తనం, ఎరువు, మందులు, కోత కూలి కలిపి లక్షా 80 వేలు. క్వింటాలు 10 వేలు పలికితే వచ్చేది 2 లక్షలు. సొంత భూమి ఉన్న రైతుకి 20 వేలు మిగిలింది. బ్యాంకు పంట రుణం తీసుకుని గడువులో కడితే వడ్డీ ఏడాదికి 4 శాతం, కాబట్టి పెద్దగా పోదు.

పక్క గట్టున కౌలు రైతు ఉన్నాడు. అదే పంట, అదే దిగుబడి, అదే ధర. ముందస్తు కౌలు 40 వేలు కట్టాడు. పేరు మీద భూమి లేదు కాబట్టి బ్యాంకు అప్పు దొరకలేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చాడు. ఎనిమిది నెలలకి వడ్డీ 24 వేలు. లెక్క చూస్తే 44 వేలు నష్టం. మొదటి రైతుకి 20 వేలు లాభం. తేడా నేలలో లేదు, కష్టంలో లేదు. కాగితంలో ఉంది.

ఇంకో సంగతి గమనించండి. ధర పడినా కౌలు తగ్గలేదు, వడ్డీ తగ్గలేదు, మందుల కొట్టు బాకీ తగ్గలేదు. వాళ్ళందరి వాటా ముందే ఖరారైంది. ధర తగ్గినప్పుడు ఆ దెబ్బంతా ఒక్కడే తిన్నాడు. ధర పెరిగితే లాభం అతనిదే కదా అంటారా? అప్పుంటే కల్లంలో కాయ ఎండగానే, మార్చిలో, అందరితో పాటే అమ్మాలి. గుంటూరు చుట్టూ వందకి పైగా కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. అక్కడ సరుకు పెట్టి ధర కోసం ఆగగలిగేది అప్పులవాడు తరమనివాడే.

నీగ్రోస్‌లో పెద్ద ఎస్టేట్లు ఉన్నాయి, మన దగ్గర 1973 భూపరిమితి చట్టం వచ్చింది, చిన్న కమతాలే ఎక్కువ, కాబట్టి పోలిక లేదంటారు కొందరు. తేడా ఉన్నమాట నిజమే. కానీ ఒక్క పంట ధర మీద బతుకు వేలాడటం, ఆ ధర మీద పండించినవాడికి ఏ పట్టూ లేకపోవడం రెండు చోట్లా ఒకటే. అక్కడ కూలీ ఆకలి కంటికి కనపడింది. ఇక్కడది అప్పుగా ఇంట్లో దాక్కుంటుంది. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. కుటుంబానికి సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశ సగటు 74,121.

మరి ఏం చెయ్యాలి? మంత్రం ఏమీ లేదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకి 11 నెలల కార్డు ఇస్తారు. దానికి భూమి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. ఎవరు దున్నుతున్నారో ఊళ్ళో అందరికీ తెలుసు, రికార్డుకి మాత్రం తెలియదు. అందుకే పంట నష్టం సాయమైనా, ధర తేడా చెల్లింపైనా చాలాసార్లు దున్ననివాడి ఖాతాలో పడుతుంది. మొదట ఇది సరిచెయ్యాలి. గ్రామసభలో ఊరివాళ్ళ ముందు నిర్ధారించుకుని సాగుదారు పేరు రాయొచ్చు. ఆ పేరు మీద బ్యాంకు అప్పు ఇవ్వొచ్చు. అప్పుడే అతను కూడా కోల్డ్ స్టోరేజీ దాకా వెళ్ళగలడు. మిరప ధరకి ఏటా యుద్ధం చేయక్కర్లేకుండా, విత్తకముందే ఒక కనీస ధర చెప్పొచ్చు.

నాన్న తెచ్చిన చీటీల్లో కొన్ని ఇంకా మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఈ ఎపిసోడ్ కోసం మొన్న తీసి చూశాను. ప్రతి చీటీలోనూ తూకం, రేటు, తాలు కాయ తీసివేత, కమిషన్, పాత బాకీ, అన్నీ ఉన్నాయి. ఆయన కూలికి మాత్రం ఎక్కడా గడి లేదు. మీ ఇంట్లోనూ అలాంటి కాగితాలు ఉంటే ఒకసారి తీసి చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో ప్రకాశం పొగాకు వేలం కేంద్రాల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు.