ఫ్లైఓవర్ ఎక్కితే ఎక్కిళ్లు!

అడిక్‌మెట్ ఫ్లైఓవర్. సాయంత్రం ఆరు గంటలు. విద్యానగర్ వైపు నుంచి వస్తున్న నల్ల కారొకటి సగం ఎక్కాక ఒక్కసారిగా ఎవరో వెనక్కి గుంజినట్టు ఆగింది. వెనక ఆటో, ఆ వెనక సిటీబస్సు, హారన్ల మోత. కంగారులో గట్టిగా తొక్కేసరికి మళ్లీ అందుకుని ముందుకు దూకింది. స్టీరింగ్ దగ్గర డెబ్భైకి చేరువైన పెద్దాయన, వెనక సీట్లో స్కూలుబ్యాగుతో మనవరాలు. 'తాతా, కారుకి ఎక్కిళ్లొస్తున్నాయ్' అందట ఆ పిల్ల. ఆ రోగానికి అంతకన్నా మంచి పేరు పెట్టిన మెకానిక్ తనకింకా తారసపడలేదంటారాయన.

యాక్సిలరేటర్ తొక్కగానే లాగాల్సిన బండి ఓ క్షణం తటపటాయించి, అప్పుడు కదలడం... పాత కార్లున్న ఇళ్లలో ఈ కథ తెలియనివాళ్లుండరు. షెడ్లలో దీన్నే మిస్సింగ్ అంటారు, జర్కు అంటారు, పికప్ పోయిందంటారు. మూడూ ఒకటి కాదు. అదే ఈ కథలో అసలు పేచీ.

పేదవాడి స్పోర్ట్స్ కారు

మనదేశంలో అచ్చమైన స్పోర్ట్స్ కార్లు ఎప్పుడూ తక్కువే. 1149 సీసీ రెనో ఇంజిన్‌తో శాన్ స్టార్మ్ అని రెండు సీట్ల బండి ఒకటి వచ్చినా మన రోడ్లమీద కనబడింది అరుదు. ఆ ముచ్చట తీర్చినవి 2000 ప్రాంతంలో వచ్చిన బండ్లే. 106 హార్స్‌పవర్ హోండా సిటీ వీటెక్, 100 హార్స్‌పవర్ ఫియట్ పాలియో 1.6, ఫోర్డ్ ఐకాన్ 1.6... మారుతి 800 శక్తి నలభైకి అటూఇటూగా ఉన్న రోజుల్లో ఇవి రెక్కల గుర్రాలే! ఇంట్లోవాళ్లకు చెప్పడానికి ఫ్యామిలీ కారు, నడిపేవాడికి మాత్రం స్పోర్ట్స్ కారు.

ఆ కోవలోదే ఈ నల్లకారూ. 2002 మోడల్. తిరిగింది రెండు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు. ఉస్మానియా క్యాంపస్‌లో ఉద్యోగం చేసి రిటైరైన ఆ పెద్దాయన దీన్ని కొత్తగా కొన్నారు. భార్యని ఆసుపత్రికి తీసుకెళ్లిందీ, కూతురి పెళ్లికి శుభలేఖలు పంచిందీ ఇందులోనే. ఎక్కిళ్లు మొదలయ్యాక రెండు షెడ్లు తిప్పారు. ఒకచోట ఇంజెక్టర్లు కడిగారు, ఇంకోచోట పెట్రోల్ పంపు మార్చారు. పద్దెనిమిది వేలు ఖర్చయింది, ఎక్కిళ్లు అలాగే ఉన్నాయి. 'నాన్నా, తుక్కుకి ఇచ్చేయండి' అని కొడుకు ఫోన్‌లో రోజూ పోరు. ఆయన మాటా కొట్టిపారేయడానికి లేదు. ఫ్లైఓవర్ మీద, వెనక బస్సు ఉండగా, పసిపిల్లతో బండి ఆగితే?

ఆఖరి ప్రయత్నంగా వెళ్లింది అడిక్‌మెట్ సందులో ఒక చిన్న షెడ్డుకి. బోర్డు కూడా లేదు.

ముందు ప్రశ్నలు, తర్వాత పానాలు

యాభై దాటిన ఆ మెకానిక్ బానెట్ ఎత్తలేదు. స్టూలు వేసి కూర్చోబెట్టాడు. 'సార్, ఎప్పుడు ఆగుతదో మీరు చెప్పుండ్రి. ఎందుకు ఆగుతదో నేను చెప్త' అన్నాడు. పొద్దున చల్లగున్నప్పుడా, వేడెక్కినంకనా? వానపడ్డప్పుడా? మెల్లగ తొక్కితెనా, గట్టిగ తొక్కితెనా? ఏసీ వేస్తే తేడా ఉందా?

డాక్టరు నాడి చూసినట్టుంది కదా! ఒక్కో జవాబు ఒక్కో అనుమానాన్ని కొట్టేస్తుంది. చల్లగా ఉన్నప్పుడే తడబడితే ఇంజిన్ వేడిని చెప్పే సెన్సర్‌నో, గాలి లీకునో అనుమానించాలి. వాన రోజుల్లోనే అయితే ప్లగ్గు వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత. పూర్తిగా తొక్కినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు నీరసపడితే ఫిల్టరు మూసుకుపోవడమో, పంపు బలహీనపడటమో. ఇంజిన్‌కి ఎక్కువ పెట్రోలు కావాల్సింది అప్పుడే కాబట్టి.

ఈ కారు అలా కాదు. గట్టిగా తొక్కితే దూకుతోంది. పాదం మెల్లగా, పావువంతు నొక్కినప్పుడే ఆగుతోంది. పొద్దునైనా అంతే, సాయంత్రమైనా అంతే. అంటే పంపు మార్చిన డబ్బులు వృథా అని అక్కడే తేలిపోయింది. పెద్దాయన మొహం చూడాలి మరి!

అయినా మెకానిక్ తొందరపడలేదు. ఖర్చులేని పరీక్షలు ముందు. ఇంజిన్ నడుస్తుండగా గాలి గొట్టాల చుట్టూ క్లీనర్ స్ప్రే కొట్టాడు. ఎక్కడైనా పగులుంటే అది లోపలికి వెళ్లి ఇంజిన్ శబ్దం మారుతుంది. మారలేదు. చీకటి పడ్డాక ప్లగ్గు వైర్ల మీద నీళ్లు చిలకరించాడు. కరెంటు లీకైతే నీలం రంగు మెరుపులు కనిపిస్తాయి. కనిపించలేదు. థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి తుడిచాడు. ఇంజిన్ నిలకడగా తిరిగింది కానీ ఎక్కిళ్లు పోలేదు.

అప్పుడు బయటికి తీశాడు, ముల్లున్న పాతకాలం మల్టీమీటరు.

ఒకేచోట అరిగిన దారి

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి కావాలి, బరువు లెక్కన. మనం యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది గాలి తలుపు మాత్రమే. పెట్రోలు సంగతి కారులోని చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. తలుపు ఎంత తెరుచుకుందో దానికి చెప్పేది థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. పాత రేడియోలో వాల్యూమ్ మీట లాంటిదే ఇదీ. ఒక పట్టీ మీద చిన్న చెయ్యి జారుతుంటుంది. తలుపు మూసి ఉంటే దాదాపు 0.5 వోల్టులు, పూర్తిగా తెరిస్తే 4.5 వోల్టులు. రేడియో పాతబడితే వాల్యూమ్ తిప్పేటప్పుడు గరగరమంటూ ఒకచోట శబ్దం పోయేది, గుర్తుందా? అచ్చం అదే.

ఇంజిన్ ఆపి, తాళం మాత్రం తిప్పి, మెకానిక్ థ్రాటిల్‌ని వేలితో నెమ్మదిగా తెరిచాడు. ముల్లు 0.5 నుంచి మెల్లగా లేచింది... 1.3 దగ్గర టక్కున కిందపడి మళ్లీ లేచింది. ఇంకోసారి. మళ్లీ అక్కడే. అంకెల మీటరయితే ఆ క్షణాన్ని పట్టుకునేది కాదట, అందుకే ముల్లు. ఆ ఒక్క క్షణం కంప్యూటర్ 'డ్రైవరు కాలు తీసేశాడు' అనుకుని పెట్రోలు తగ్గించేస్తోంది. లోపం క్షణమే కాబట్టి హెచ్చరిక లైటూ వెలగడం లేదు.

మరి అక్కడే ఎందుకు అరిగింది? నాకు భలే నచ్చిన జవాబిది. ఇంటి నుంచి ఎన్‌సీసీ గేటు, ఆర్ట్స్ కాలేజీ మీదుగా తార్నాక, మళ్లీ వెనక్కి. ఇరవై మూడేళ్లుగా ఆ పాదం నొక్కింది ఎప్పుడూ ఆ పావువంతే! పచ్చికలో రోజూ నడిచినచోట కాలిబాట పడినట్టు, సెన్సర్ పట్టీ మీద ఆయన ఉద్యోగజీవితమంతా ఒక గీతగా పడింది.

కొత్త సెన్సర్ దొరకలేదు. తుక్కు బండి నుంచి తీసిన పదిహేను వందలది దొరికింది. బిగించిన స్క్రూలకు తలల్లేవు, ఎవరూ విప్పకుండా కంపెనీలోనే విరిచేస్తారు. హాక్సా బ్లేడుతో గాటు పెట్టి విప్పాడు. మూసిన తలుపు దగ్గర సరిగ్గా 0.5 వచ్చేదాకా జరిపి బిగించాడు.

కొత్త పెట్రోలు, పాత గొట్టాలు

పనిలో పనిగా పెట్రోల్ ఫిల్టరు విప్పితే గోధుమరంగు మడ్డి. 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లోనూ అదే. ఇథనాల్ పాత ట్యాంకుల్లో పేరుకున్న మురికిని కరిగించి ఫిల్టరు దాకా తెస్తుంది. దానికి తట్టుకునేలా తయారుకాని పాత రబ్బరు గొట్టాలు గట్టిపడి పగులుతాయి. లీటరుకి శక్తి కూడా పెట్రోలుకన్నా మూడోవంతు తక్కువ. ఆ తేడాని సర్దుకోవాలంటే పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చురుగ్గా ఉండాలి. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిలో అది మందగించి ఉండే అవకాశమే ఎక్కువ. కాబట్టి మీ ఇంట్లో పాత కారుంటే ఫిల్టరు, గొట్టాలు ఏడాదికోసారి చూపించుకోండి. పెట్రోలు వాసన వస్తే మాత్రం ఏడాది ఆగకండి, ఆ రోజే చూపించండి.

మర్నాడు పొద్దున్నే పరీక్ష. వాకింగ్‌వాళ్లని తప్పించుకుంటూ క్యాంపస్ రోడ్డులో ఒక చుట్టు. 1939లో కట్టడం పూర్తయిన ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి కారు చప్పుడు లేకుండా సాగింది. స్కూటీ తప్ప నడపడం రాని నాకు వెనక సీట్లో ఏమీ తెలియలేదు. తెలియకపోవడమే మంచిదట! తర్వాత ఫ్లైఓవర్. సగం ఎక్కాక పెద్దాయన కావాలనే పాదం తేలిక చేసి, మళ్లీ మెల్లగా నొక్కారు. కారు అలాగే ఎక్కేసింది.

పదిహేనేళ్లు నిండిన సొంత కారుకి ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి ఆర్సీ పొడిగిస్తారు. ఈ బండికి 2017లో ఒకసారి, 2022లో ఒకసారి అయింది. మళ్లీ 2027లో. కొడుక్కి ఏం చెప్పారని అడిగితే, 'వాడు ఫోన్ చేస్తే మనవరాలికి ఇచ్చేస్తున్నా' అన్నారు. మెకానిక్ మాత్రం గొట్టాలు మార్చడానికి వచ్చే ఆదివారం రమ్మన్నాడు.